ఎంబీబీఎస్ దరఖాస్తు: సిరొంచ, రాజురా, కిన్వట్ పిల్లలు ఎనిమిదో తరగతిలోనే తేల్చుకోవాల్సినవి

మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న సిరొంచలో పుట్టి, పదో తరగతి అక్కడే పాసై, ప్రాణహిత దాటి మంచిర్యాలలోనో హైదరాబాద్‌లోనో ఇంటర్ చదివిన అమ్మాయి నీట్‌లో మంచి మార్కులు తెచ్చుకుందనుకోండి. ఆమెకు మహారాష్ట్ర కోటాలో సీటు రాదు, ఎందుకంటే బారావీ (పన్నెండో తరగతి) మహారాష్ట్రలో పాసవలేదు. తెలంగాణ కోటాలోనూ రాదు, అక్కడ చదివింది రెండేళ్లే. మార్కులున్నా ఆమెకు ఎక్కువగా మిగిలేది దేశమంతా పోటీపడే 15 శాతం సీట్లు, లేదా ఏడాదికి లక్షలకు లక్షలు అడిగే డీమ్డ్ (యూనివర్సిటీ హోదా ఉన్న ప్రైవేటు) కాలేజీలు. సరిహద్దు తాలూకాల్లో తెలుగు కుటుంబాలకు ఎక్కువగా తగిలే దెబ్బ ఇదే. ఇది నీట్ ఫారం నింపే రోజున తగిలేది కాదు, పదో తరగతి అయ్యాక టీసీ తీసుకున్న రోజునే తగిలేస్తుంది. అందుకే ఈ వివరాలు ఫారంతో కాక రాష్ట్రంతో మొదలవుతాయి.

ముందు ఒక మాట. అమెరికాలాంటి చోట్ల నాలుగేళ్ల డిగ్రీ చేశాకే మెడిసిన్‌కు వెళ్తారు. డిగ్రీనీ మెడిసిన్‌నీ కలిపి ఒకేసారి సీటిచ్చే కోర్సులు అక్కడ ప్రత్యేకం. మన దగ్గర ఎంబీబీఎస్ స్వయంగా డిగ్రీ. బారావీ తర్వాత నేరుగా చేరతారు, నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, మొత్తం ఐదున్నరేళ్లు. దానికి దారి నీట్ ఒక్కటే. అదే కోర్సుకు వేరే పరీక్ష ఉందని, డొనేషన్ మీద నీట్ లేకుండా సీటిప్పిస్తామని ఎవరైనా అంటే అక్కడితో మాట ఆపేయండి.

ఏ రాష్ట్రం పిల్లవాడు?

ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో 85 శాతం సీట్లు ఆ రాష్ట్రానివి, 15 శాతం అఖిల భారత కోటావి. మహారాష్ట్ర 85 శాతంలోకి రావాలంటే మామూలుగా మూడూ కావాలి: డొమిసైల్ (స్థిర నివాస) సర్టిఫికెట్, దహావీ (పదో తరగతి) మహారాష్ట్రలోని బడి నుంచి, బారావీ మహారాష్ట్రలోని కాలేజీ నుంచి. బోర్డు స్టేట్ బోర్డైనా సీబీఎస్‌ఈ అయినా సరే, బడి మాత్రం రాష్ట్రం లోపల ఉండాలి. బదిలీల మీద తిరిగే ప్రభుత్వోద్యోగుల పిల్లలకు కొన్ని సడలింపులున్నాయి. బల్లార్‌పూర్, రాజురా వైపు బొగ్గు గనుల్లో పనిచేసే కుటుంబాలు ఆ క్లాజును స్టేట్ సీఈటీ సెల్ (మహారాష్ట్రలో ప్రవేశాలు చూసే ప్రభుత్వ సంస్థ) సమాచార పుస్తకంలో అక్షరం అక్షరం చదువుకోవాలి. పక్కింటివాళ్లకు వర్తించిందని మనకూ వర్తిస్తుందనుకోవద్దు.

తెలంగాణ వైపు నిబంధన వేరు. 2024 జులైలో వచ్చిన జీఓ 33 ప్రకారం, ఇంటర్ రెండో ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఆ రాష్ట్రంలో చదివి, ఇంటర్ పరీక్ష కూడా అక్కడే రాసి ఉండాలి. అంటే తొమ్మిదో తరగతి నుంచి. దీని మీద కోర్టుల్లో చాలా వాదన నడిచింది, చివరికి 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లుతుందని తేల్చింది. రెండేళ్ల ఇంటర్‌తో లోకల్ అవుతామన్న ఆశకు ఇక చోటు లేదు.

ఈ రెండు నిబంధనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నిర్ణయం ఎప్పుడు జరగాలో తెలుస్తుంది: ఎనిమిదో తరగతి అయిపోయిన వేసవిలో. అప్పుడే నది దాటితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా అక్కడే ఉండాలి, మహారాష్ట్ర కోటా వదులుకోవాలి. దాటకపోతే బారావీ దాకా ఇక్కడే ఉండాలి. పదో తరగతి తర్వాత దాటడం ఒక్కటే చేయకూడని పని, మన ఊళ్లలో ఎక్కువమంది చేసేదీ అదే.

కోచింగ్ సంగతి ఏమిటంటారా? దానికి మంచి దారే ఉంది. బారావీ మహారాష్ట్రలోనే పాసై, ఆ తర్వాత కావాలంటే ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌కు హైదరాబాద్ వెళ్లండి. లాంగ్ టర్మ్ అంటే కాలేజీ అడ్మిషన్ కాదు కాబట్టి అర్హతకు ఏ ఇబ్బందీ రాదు. చదువు మధ్యలో ఏడాది ఖాళీ ఉందని చెప్పే గ్యాప్ అఫిడవిట్ ఒకటి చేయించి ఉంచుకుంటే చాలు. ఇంటికి దగ్గర్లో కావాలంటే నాందేడ్, లాతూర్ నీట్ కోచింగ్‌కు పేరున్న ఊళ్లే. కిన్వట్, ధర్మాబాద్, దేగ్లూర్ పిల్లలకు నాందేడ్‌లో పదకొండు, పన్నెండు చదివితే కోచింగూ దక్కుతుంది, కోటా కూడా నిలుస్తుంది.

ఇంకో సంగతి. ఇదివరకు మహారాష్ట్రలో ప్రాంతాలవారీగా 70:30 కోటా ఉండేది, 2020లో తీసేశారు. ఇప్పుడు గడ్చిరోలి పిల్ల ముంబై పిల్లతో ఒకే మెరిట్ లిస్టులో పోటీపడాలి, అయితే ముంబై కాలేజీ కూడా ఈ పిల్లకు అంతే అందుబాటులో ఉంటుంది.

కాగితాలు: ఇక్కడే నెలలు పడతాయి

డొమిసైల్ కోసం తహసీల్ కార్యాలయంలోనో, సేతు కేంద్రంలోనో (సర్టిఫికెట్ల సేవా కేంద్రం), ప్రభుత్వ సేవల వెబ్‌సైట్ ఆపలే సర్కార్ పోర్టల్‌లోనో దరఖాస్తు చేయాలి. పుట్టిన తేదీ, జాతీయత, నివాసం మూడూ ఒకే సర్టిఫికెట్‌లో వస్తాయి. పదిహేనేళ్ల నివాసానికి ఆధారం అడుగుతారు: బడి టీసీలు, రేషన్ కార్డు, ఇంటిపన్ను రసీదులు, తలాఠీ (గ్రామ రెవెన్యూ అధికారి) ఇచ్చే దాఖలా. పదకొండులో ఉండగానే తీసి పెట్టుకోండి. జూన్‌లో నీట్ ఫలితం వచ్చాక సేతు కేంద్రం ముందు జిల్లా అంతా వరుసలో ఉంటుంది.

అసలు కష్టం కుల సర్టిఫికెట్‌లో కాదు, దాని వ్యాలిడిటీలో. మహారాష్ట్రలో రిజర్వేషన్ సీటుకు తహసీల్ నుంచి వచ్చిన కుల సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు, జాతి పడతాళణి సమితి (కుల పరిశీలన కమిటీ) దాన్ని పరిశీలించి వ్యాలిడిటీ ఇవ్వాలి. ఎస్సీ, ఓబీసీ, విముక్త జాతి, సంచార జాతుల వారికి జిల్లా సమితులు, ఎస్టీలకు వేరే సమితులు. గడ్చిరోలిలో ఎస్టీ సమితి ఉంది. ఫైలు కాలేజీ ద్వారా పెట్టాలి, పదకొండో తరగతి బోనఫైడ్ (అక్కడ చదువుతున్నట్టు కాలేజీ ఇచ్చే పత్రం) చేతికి రాగానే పెట్టేయాలి. బారావీ అయ్యాక పెడితే కౌన్సెలింగ్ నాటికి చేతికి రాకపోవచ్చు. అప్పుడు ఎంత మెరిట్ ఉన్నా జనరల్‌లోనే లెక్కిస్తారు.

సమితి అడిగేది పాత ఆధారం. ఎస్సీ, ఎస్టీలకు 1950కి ముందుది, విముక్త, సంచార జాతులకు 1961 నవంబరు 21కి ముందుది, ఓబీసీలకు 1967 అక్టోబరు 13కి ముందుది. ఆ తేదీల నాటికి తాతో ముత్తాతో ఈ ప్రాంతంలోనే ఉన్నారని, వాళ్ల కులం ఫలానా అని కాగితం చూపాలి. తాత చదువుకుని ఉంటే బడి ప్రవేశాల రిజిస్టరు నకలు అన్నిటికంటే బలమైనది. చదువుకోకపోతే కోత్వాల్ బుక్‌లోని జనన మరణాల నమోదు, పాత భూమి రికార్డులు, అమ్మకం కాగితాలు పనికొస్తాయి. తండ్రికో, తండ్రి అన్నదమ్ములకో ఇప్పటికే వ్యాలిడిటీ వచ్చి ఉంటే ఆ కాపీ, దానితో సంబంధం చూపే వంశావళి పెట్టండి. ఫైలు చాలా తేలికవుతుంది.

ఈ వెతుకులాటలో సరిహద్దు కుటుంబాలు దారి తప్పే చోటు ఒకటుంది. 1956 దాకా రాజురా, కిన్వట్ ఆదిలాబాద్ జిల్లాలో, నిజాం నాటి హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. రాజురా ఆ ఏడాది నాందేడ్ జిల్లాలోకి వచ్చి, 1959లో చంద్రపూర్‌కు మారింది. సిరొంచ కథ వేరు, అది సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని చాందా జిల్లా. గడ్చిరోలి జిల్లా 1982లో పుట్టింది. కాబట్టి సిరొంచవాళ్ల పాత కాగితాలకు చంద్రపూర్ వెళ్లాలి. రాజురా, కిన్వట్ వాళ్లకు ఇక్కడ దొరకకపోతే ఆదిలాబాద్‌లో అడిగి చూడాలి. నిజాం కాలపు కాగితాలు ఉర్దూలో ఉండొచ్చు. అధీకృత అనువాదం జతచేయకపోతే ఫైలు ప్రశ్నతో తిరిగొస్తుంది.

ఇంటిపేరు ఇంకో చిక్కు. ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇంటిపేర్లకు చాలాచోట్ల వెనకాల ‘వార్’ చేరింది. తాత రికార్డులో మామిడి అని ఉంటుంది, మనవరాలి టీసీలో మామిడ్వార్ అని. మనకు ఇద్దరూ ఒకే ఇల్లు, సమితికి వేర్వేరు మనుషులు. రెండు పేర్లూ ఒకే కుటుంబానివని అఫిడవిట్, తరం తరానికీ ఒక కాగితం ఉండేలా వంశావళి ముందే జతచేయాలి.

తాత తెలంగాణ నుంచి ఆ తేదీల తర్వాత వలస వచ్చి ఉంటే, ఎస్సీ, ఎస్టీ కుటుంబమైనా మహారాష్ట్రలో ఆ రిజర్వేషన్ దొరకదు. బొంబాయి మెడికల్ కాలేజీలో సీటు అడిగిన ఆంధ్రప్రదేశ్ ఎస్టీ విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు 1990లోనే ఈ సంగతి తేల్చింది: ఒక రాష్ట్రం జాబితాలోని కులం వలస వెళ్లిన రాష్ట్రంలో ఆ హోదాను మోసుకెళ్లదు. బాధ కలిగించే నిబంధనే, కానీ తెలియక రిజర్వేషన్ మీద ఆధారపడి లెక్కలు వేసుకోవడం ఇంకా పెద్ద నష్టం. అఖిల భారత కోటాలో మాత్రం మీ సొంత రాష్ట్రం ఇచ్చిన ఎస్సీ, ఎస్టీ సర్టిఫికెట్ చెల్లుతుంది.

ఓబీసీలు రెండు వేర్వేరు కాగితాలు తీయాలి. రాష్ట్ర కౌన్సెలింగ్‌కు రాష్ట్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణిలో లేమని చెప్పే సర్టిఫికెట్), అఖిల భారత కోటాకు కేంద్ర నమూనాలో ఓబీసీ సర్టిఫికెట్. రాష్ట్ర జాబితాలో ఉన్న కులం కేంద్ర జాబితాలో లేకపోతే అక్కడ జనరలే. విముక్త, సంచార జాతులకు కేంద్రంలో విడిగా కోటా లేదు, కేంద్ర ఓబీసీ జాబితాలో పేరుంటే ఓబీసీగా లెక్కిస్తారు. కేంద్ర సర్టిఫికెట్ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత జారీ అయినదై ఉండాలి, ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన వర్గం) ది కూడా అంతే. పోయినేడు తీసిందే ఉందిలే అనుకుని ఆగిపోయేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

నీట్ ఫారం

అర్హత సులువే. ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి, పైవయసు పరిమితి లేదు. బారావీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్‌కు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40 శాతం, ఇంగ్లీషు పాస్. నీట్‌లో ఎంత వచ్చినా ఈ శాతం తగ్గితే సీటు లేదు, కాబట్టి నీట్ ధ్యాసలో బోర్డు పరీక్షను వదిలేయకండి.

దరఖాస్తు నీట్ నిర్వహించే ఎన్‌టీఏ వెబ్‌సైట్‌లో. 2025లో ఫీజు జనరల్‌కు 1700, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్‌లకు 1600, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 1000 రూపాయలు. నింపించేది ఇంటర్నెట్ సెంటర్‌లోనైనా, మొబైల్ నంబరు, ఈమెయిల్ మాత్రం మీవే ఇవ్వండి. సెంటర్ అబ్బాయి తన మెయిల్ ఇచ్చి నింపేస్తే, మూడు నెలల తర్వాత కౌన్సెలింగ్‌లో ఓటీపీ అతని ఫోన్‌కు పోతుంది. ఆ నంబరు, ఆ సిమ్ కాలేజీలో చేరేదాకా మార్చకండి. రీఛార్జ్ చేయక సిమ్ ఆగిపోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది, ఆప్షన్లు (కావాల్సిన కాలేజీల వరుస) లాక్ చేసే రాత్రి కాదు.

పేరు దహావీ సర్టిఫికెట్‌లో ఉన్నట్టే రాయాలి. మహారాష్ట్ర బోర్డు మెమోలో ఇంటిపేరు ముందు వస్తుంది, తర్వాత సొంత పేరు, తండ్రి పేరు. ఆధార్‌లో చాలామందికి సొంత పేరు ముందు, ఇంటిపేరు చివర. పదాల వరుస తేడా ఒకటైతే, స్పెల్లింగ్ తేడా ఇంకొకటి. ఫారం నింపడానికి రెండు నెలల ముందే ఆధార్‌ను మెమోకు సరిపోయేలా మార్పించండి, మెమో మార్పించడం కంటే అది ఎంతో తేలిక.

ఫోటో తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద, రెండు చెవులూ కనిపిస్తూ, ముఖం 80 శాతం నిండేలా ఉండాలి. అదే ఫోటో కనీసం పది పన్నెండు కాపీలు కడిగించుకోండి. పరీక్షకూ, కౌన్సెలింగ్‌కూ, కాలేజీలో చేరేటప్పుడూ అదే కావాలి. సంతకం కలిపిరాతలో, పెద్దక్షరాల్లో కాదు. రెండు చేతుల వేలిముద్రలు తెల్ల కాగితం మీద వేసి స్కాన్ చేసేటప్పుడు ఇంకు ఎక్కువైతే గీతలు కలిసిపోతాయి. ఒకటికి రెండుసార్లు వేసి బాగా వచ్చినదే పెట్టండి.

పరీక్ష భాష దగ్గర జాగ్రత్త. నీట్ తెలుగులోనూ ఉంది, కానీ తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాల్లోనే ఇస్తారు. చంద్రపూర్, నాగ్‌పూర్, నాందేడ్ కేంద్రాల్లో ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ, మరాఠీ దొరుకుతాయి. మరాఠీ మీడియం పిల్లలు మరాఠీ పెట్టుకుంటే ప్రతి ప్రశ్న పక్కన ఇంగ్లీషు కూడా ఉంటుంది, రెంటికీ తేడా వస్తే ఇంగ్లీషుదే చెల్లుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడతాం కదా అని తెలుగు పత్రం కోసం కేంద్రాన్ని నది అవతల పెట్టుకోవడం వల్ల లాభం లేదు. పాఠాలు ఏ భాషలో చదివితే పరీక్ష ఆ భాషలోనే.

పరీక్ష మూడు గంటలు, 180 ప్రశ్నలు, 720 మార్కులు. సరైన జవాబుకు 4, తప్పుకు ఒకటి కోత. మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు ఉంటుంది, 1:30కి గేటు మూసేస్తారు. సిరొంచ, అహేరి వైపు నుంచి వచ్చేవాళ్లు ముందు రోజే కేంద్రం ఉన్న ఊరు చేరండి. మే నెల ఎండలో ఎస్టీ (మహారాష్ట్ర రవాణా సంస్థ) బస్సు దారిలో ఆగిపోతే ఎవరూ ఏమీ చేయలేరు. పొట్టి చేతుల చొక్కా, చెప్పులు, అడ్మిట్ కార్డు, ఒరిజినల్ గుర్తింపు కార్డు, ఫోటోలు. బూట్లు, నగలు వద్దు.

రెండు కౌన్సెలింగ్‌లు, రెండింటికీ విడిగా

2025లో 22 లక్షలకు పైగా రాశారు, 12 లక్షలకు పైగా ‘అర్హత’ సాధించారు. దేశంలో ఎంబీబీఎస్ సీట్లు మాత్రం లక్షా ఇరవై వేల దరిదాపు. క్వాలిఫై అయ్యామంటే సీటు వచ్చినట్టు కాదు, తర్వాత దరఖాస్తులు మీరే వేసుకోవాలి, ఎవరూ పిలిచి ఇవ్వరు.

అఖిల భారత 15 శాతానికీ, ఎయిమ్స్, జిప్‌మర్, డీమ్డ్ యూనివర్సిటీలకూ ఎంసీసీ (కేంద్రం తరఫున సీట్లు కేటాయించే మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) కౌన్సెలింగ్. ఇందులో జనరల్‌కు 1,000 రూపాయలు ఫీజు, 10,000 డిపాజిట్. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 500, 5,000. డీమ్డ్ కాలేజీలకు కూడా టిక్ పెడితే ఫీజు 5,000, డిపాజిట్ 2,00,000. చేరే ఉద్దేశం లేకుండా డీమ్డ్‌కు టిక్ పెట్టకండి. మహారాష్ట్ర 85 శాతానికి స్టేట్ సీఈటీ సెల్‌లో ఇంకో రిజిస్ట్రేషన్. ఒకదానిలో చేస్తే రెండోది దానంతటదే కాదు, రెండూ చేయండి.

ఆప్షన్లు ఇచ్చేటప్పుడు మీకు ఏది ఎక్కువ ఇష్టమో అది పైన పెట్టండి. కటాఫ్ చూసి, వచ్చేదాన్నే పైన పెట్టాలని కొందరు సలహా ఇస్తారు, అది తప్పు. మీ వరుస ప్రకారం పైనుంచి చూస్తూ, మెరిట్‌కు అందిన మొదటి సీటు ఇస్తారు. పైన పెద్ద కాలేజీ ఉన్నంత మాత్రాన కింది సీటు పోదు. కానీ కింద పెట్టని కాలేజీ ఎప్పటికీ రాదు. చంద్రపూర్, గోందియా, యవత్మాళ్, నాందేడ్, గడ్చిరోలి ప్రభుత్వ కాలేజీలు అన్నీ రాయండి. ఫీజు అంతే, ఇంటికీ దగ్గర.

ఎంసీసీ మొదటి రౌండ్‌లో వచ్చిన సీటు వద్దనుకుంటే డిపాజిట్ పోదు. రెండో రౌండ్‌లో వచ్చి చేరకపోతే పోతుంది. అప్‌గ్రేడ్ కోరుకుంటే, మెరుగైన సీటు వచ్చిన మరుక్షణం పాతది రద్దవుతుంది, వెనక్కి తీసుకోవడం కుదరదు. అందుకని తర్వాతి రౌండ్ లిస్టులో నిజంగా వెళ్లాలనుకునే కాలేజీలే ఉండాలి. మహారాష్ట్రలో వచ్చిన సీటు చాలనుకుంటే స్టేటస్ రిటెన్షన్ ఫారం ఇవ్వాలి. అది ఇవ్వకపోతే తర్వాతి రౌండ్‌లో మీ ప్రమేయం లేకుండానే కాలేజీ మారిపోవచ్చు.

చేరే రోజు కాలేజీ ఒరిజినల్స్ అన్నీ తీసుకుంటుంది: దహావీ, బారావీ మెమోలు, టీసీ, డొమిసైల్, కులం, వ్యాలిడిటీ, నాన్ క్రీమీలేయర్, నీట్ స్కోర్ కార్డు, అలాట్‌మెంట్ లెటర్, మెడికల్ ఫిట్‌నెస్. నాలుగు సెట్లు జిరాక్స్ తీసి, స్కాన్లు ఫోన్‌లోనూ మెయిల్‌లోనూ దాచండి. ప్రభుత్వ కాలేజీలో చేరితే చదువయ్యాక ఏడాది ప్రభుత్వ సేవ బాండు ఉంది, చేయకపోతే 10 లక్షల జరిమానా. అమ్మాయిల తల్లిదండ్రులకు ఒక మంచి మాట: కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉన్న ఓబీసీ, ఎస్‌ఈబీసీ (సామాజికంగా, విద్యాపరంగా వెనకబడిన వర్గం), ఈడబ్ల్యూఎస్ అమ్మాయిలకు 2024-25 నుంచి క్యాప్ (ప్రభుత్వ కేంద్రీకృత ప్రవేశాల ప్రక్రియ) ద్వారా వచ్చిన సీటులో ట్యూషన్, పరీక్ష ఫీజులు పూర్తిగా మాఫీ. ఆదాయం సర్టిఫికెట్ ముందే తీయించండి. ఫీజు భయంతో అమ్మాయిని బీఎస్సీలో చేర్పించేముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

బీఎస్-ఎండీ పేరుతో ఫిలిప్పీన్స్

సీటు రానివాళ్ల ఇళ్లకు ఏజెంట్లు ముందుగా తెచ్చేది ఇదే. అక్కడ మెడిసిన్‌కు ముందు బీఎస్ అనే డిగ్రీ చేసి, వాళ్ల ఎన్‌మ్యాట్ పరీక్ష రాసి, తర్వాత ఎండీలో చేరాలి. ఎండీ సాధారణంగా నాలుగేళ్లు, అంటే 48 నెలలు. మన జాతీయ మెడికల్ కమిషన్ 2021 నిబంధనలు మెడికల్ కోర్సే కనీసం 54 నెలలు ఉండాలంటాయి. ఇంగ్లీషు మీడియంలో చదవాలి, 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే విదేశీ సంస్థలో చేయాలి, ఆ దేశంలో వైద్యం చేయడానికి అక్కడివాళ్లతో సమానంగా రిజిస్ట్రేషన్ దొరికేలా ఆ డిగ్రీ ఉండాలి. బీఎస్‌లో చదివిన నెలలు మెడికల్ కోర్సులోకి చేరతాయని ఏజెంట్ నోటిమాటగా అంటే నమ్మకండి. విదేశానికైనా నీట్ అర్హత తప్పనిసరి, ఆ స్కోరు దీనికి మూడేళ్లు చెల్లుతుంది. తిరిగి వచ్చాక స్క్రీనింగ్ పరీక్ష పాసవ్వాలి, ఇక్కడ మరో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి.

అడ్వాన్సు కట్టేముందు యూనివర్సిటీ నుంచే, ఏజెంట్ లెటర్‌హెడ్ మీద కాదు, నాలుగు సంగతులు రాతలో తెప్పించుకోండి: బీఎస్ వదిలేసి మెడికల్ కోర్సు ఒక్కటే ఎన్ని నెలలు, ఇంటర్న్‌షిప్ ఎక్కడ ఎన్ని నెలలు, బోధన ఏ భాషలో, విదేశీ విద్యార్థికి ఆ దేశంలో లైసెన్సు దొరుకుతుందా లేదా. నాలుగింటిలో ఒక్కదానికి జవాబు రాకపోయినా డబ్బు కట్టకండి. ఆ డబ్బు లాంగ్ టర్మ్ కోచింగ్ ఫీజుకు, మళ్లీ నీట్ రాయడానికి సరిపోయి మిగులుతుంది.